మసి కడుక్కుని మెట్లెక్కినవాళ్లు

ముందు నేలమాళిగలోకి దిగాలి. పక్క తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే ఆవిరి, సబ్బు వాసన, నీళ్ల చప్పుడు. పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చిన మనిషి చెమటకు అట్టకట్టిన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తాడు. మెడ మడతల్లో, చెవుల వెనక, గోళ్ల సందుల్లో పేరుకున్న మసి వదిలేదాకా రుద్దుకుంటాడు. నల్లటి నీళ్లు కాళ్ల మధ్య నుంచి తూములోకి జారిపోతాయి. ఒళ్లు తుడుచుకుని, తల దువ్వుకుని, చేతులు ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. తెల్ల కాగితాన్ని తాకబోయే చేతులవి. అప్పుడు మెట్లెక్కుతాడు. పైన పుస్తకాలు.

అమెరికాలో ఆండ్రూ కార్నెగీ కట్టించిన మొట్టమొదటి గ్రంథాలయం ఇలా ఉండేది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్‌కు కాస్త ఎగువన, మొనాంగహీలా నది ఒడ్డున ఉన్న బ్రాడక్ అనే చిన్న ఊళ్లో 1889 మార్చి 30న దాని ప్రారంభోత్సవం జరిగింది. ఆ తర్వాత ఆయన డబ్బుతో ప్రపంచంలో రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు లేచాయి. ఒక్క అమెరికాలోనే 1,689. ఆ దేశంలోని వాటన్నిటికీ పెద్దక్క ఈ రాతి భవనం. ఎనభై అయిదేళ్లు నిండే ఏటే, 1974లో దాని తలుపులకు తాళం పడింది.

పిట్స్‌బర్గ్ పేరు చెప్పగానే మన తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వెంకన్న గుడి. పెన్ హిల్స్ కొండ మీద 1976లో వెలసిన ఆ గుడికి అమెరికా నలుమూలల నుంచీ మనవాళ్లు కార్లు వేసుకుని వస్తారు. పుట్టువెంట్రుకలు, మొక్కుబడులు, కల్యాణాలు. దర్శనం చేసుకుని, పులిహోర తిని, మళ్లీ హైవే ఎక్కేస్తారు. అక్కడికి పది మైళ్ల లోపే ఉంది బ్రాడక్. హైవే మాత్రం దాన్ని తాకకుండా పోతుంది. గుడి తలుపులు తెరుచుకోవడానికి రెండేళ్ల ముందే ఆ నదీ లోయలో ఒక సరస్వతీ మందిరం మూతపడిందని, అన్నిసార్లు అటు వెళ్లివచ్చినా మనలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన కథ అది. ఎందుకంటే ఆ కథ ఒక మగ్గం దగ్గర మొదలవుతుంది. మగ్గం కథ మనకు కొత్త కాదు.

కార్నెగీ తండ్రి విలియం చేనేతకారుడు. స్కాట్లాండ్‌లో డన్‌ఫర్మ్‌లిన్ ఆయన ఊరు. ఆ ఊరి నేతగాళ్లకు చదువంటే ప్రాణం. అయిదుగురు నేతగాళ్లు తమ దగ్గరున్న కాసిని పుస్తకాలు ఒకచోట చేర్చి, ఊళ్లో పుస్తకాలు ఇళ్లకిచ్చే మొదటి గ్రంథాలయాన్ని పెట్టారు. ఆ అయిదుగురిలో విలియం ఒకడు. దాత లేడు, శిలాఫలకం లేదు, ప్రారంభోత్సవ సభ లేదు. నాడె ఆడించే చేతులే పుస్తకాలు మోసుకొచ్చాయి. ఈ సంగతి కార్నెగీయే పెద్దయ్యాక తెలుసుకుని, తన ఆత్మకథలో ఎంతో మురిపెంగా రాసుకున్నాడు.

ఆవిరి మరమగ్గాలు వచ్చాయి. విలియం మగ్గం మూలబడింది. చీరాలలోనూ సిరిసిల్లలోనూ మన కళ్ల ముందు జరిగినదే అక్కడ నూరేళ్లకు పైగా ముందు జరిగింది. 1848లో మగ్గాలు అయినకాడికి అమ్ముకుని, చాలక ఇరవై పౌన్లు అప్పు చేసి, ఇల్లాలితో, ఇద్దరు కొడుకులతో ఓడెక్కాడు. పదమూడేళ్ల ఆండ్రూ పిట్స్‌బర్గ్ పక్కనున్న అలెఘెనీలో ఒక నూలుమిల్లులో కండెలు అందించే పనికి కుదిరాడు. వారానికి డాలరూ ఇరవై సెంట్లు. ఆ ఊళ్లో కర్నల్ ఆండర్సన్ అనే పెద్దమనిషి శనివారాలు తన ఇంట్లోని నాలుగు వందల పుస్తకాలను పనిచేసే పిల్లలకు చదువుకోవడానికి ఇచ్చేవాడు. ఆ పుస్తకాలే తనను మనిషిని చేశాయని కార్నెగీ చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఆ కృతజ్ఞతలో కల్తీ లేదు. ఆయన్ని ఎంతగా తప్పుపట్టినా ఆ ఒక్క మాట మాత్రం నమ్మి తీరాలనిపిస్తుంది నాకు.

ఆ కుర్రాడే తంతి ఆఫీసుకు, అక్కణ్నుంచి రైల్వేకి, అక్కణ్నుంచి ఇనుముకు, ఉక్కుకు ఎదిగి, 1875లో బ్రాడక్‌లో ఎడ్గార్ థామ్సన్ ఉక్కు మిల్లు పెట్టాడు. రైలు పట్టాలు పోసే మిల్లు. బ్రాడక్ అన్న పేరే ఓటమి పేరు. 1755లో ఇంగ్లిషు సేనాని బ్రాడక్ ఫ్రెంచివాళ్ల చేతిలో, వాళ్ల వెంట ఉన్న ఆదివాసుల చేతిలో ఘోరంగా ఓడి, ప్రాణం తీసిన గాయాల పాలైన యుద్ధం జరిగింది ఆ నేల మీదే. నూటఇరవై ఏళ్ల తర్వాత అదే నేల మీద కొలుములు రగిలాయి. ఐర్లండ్ నుంచి, వేల్స్ నుంచి, తర్వాత స్లొవాకియా, హంగరీ, పోలండ్ పల్లెల నుంచి జనం వచ్చి వాలారు. ఇంకా తర్వాత అమెరికా దక్షిణాది నుంచి నల్లజాతివాళ్లు వచ్చారు. అందరికంటే వేడైన, అందరికంటే ప్రమాదమైన పని వాళ్ల వంతు.

మిల్లు నడిపించిన దొర కెప్టెన్ బిల్ జోన్స్. అంతర్యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. కొలిమి దగ్గర మనిషి ఎనిమిది గంటలకు మించి నిలబడితే మనిషీ పాడవుతాడు, పనీ పాడవుతుందని యజమానికి నచ్చజెప్పి ఎనిమిది గంటల షిఫ్టు తెచ్చాడు. కొన్నేళ్లు సాగింది. పోటీ మిల్లులేవీ ఆ దారి పట్టకపోయేసరికి కార్నెగీ మనసు మార్చుకున్నాడు. 1887 చివర ఒప్పందం గడువు తీరింది. మళ్లీ పన్నెండు గంటలన్నాడు, ఉక్కు ధరను బట్టి కూలి అన్నాడు. కార్మికులు ఒప్పుకోలేదు. గేట్లు మూశారు. పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థ కాపలావాళ్లు దిగారు. 1888లో సంఘం విరిగిపోయింది. సంఘం వదులుకుంటామని సంతకాలు పెట్టినవాళ్లే లోపలికి వెళ్లారు.

ఆ మరుసటి ఏడు గ్రంథాలయం తెరుచుకుంది.

ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఎనిమిది గంటలు పోయి పన్నెండు వచ్చాక పుస్తకాలొచ్చాయి. ఊరిమీద కక్షతో ఇచ్చాడని నేననను. తన చిన్నతనంలో తనను కాపాడినదేదో దాన్నే ఇచ్చాడు. కూలి పెంచితే ఆ డబ్బు తిండికీ తాగుడికీ పోతుందని, గ్రంథాలయమైతే తరతరాలకు నిలుస్తుందని ఆయన నిజంగానే నమ్మాడు. అదే ఏడు జూన్‌లో సంపద గురించి ఆయన రాసిన పేరుమోసిన వ్యాసం అచ్చయింది. కలవాడు తన కలిమిని బతికుండగానే లోకానికి పంచిపోవాలన్నది దాని సారం. ఎలా పంచాలో ఎవరు తేల్చాలి అన్నచోటే వచ్చింది చిక్కంతా. డన్‌ఫర్మ్‌లిన్‌లో అయిదుగురు నేతగాళ్లు తమకేం కావాలో తామే తేల్చుకున్నారు. బ్రాడక్‌లో వేలమంది ఉక్కు కార్మికులను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

పన్నెండు గంటలు అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. పొద్దున ఆరింటికి ఎక్కినవాడు సాయంత్రం ఆరింటికి దిగుతాడు. పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు రెండు వారాలకోసారి మారతాయి. మారే రోజున ఒక జట్టు ఏకబిగిన ఇరవైనాలుగు గంటలు పనిచేయాలి. ఈ పద్ధతి 1923 దాకా పోలేదు. దిగి వచ్చినవాడికి కూడు, నిద్ర. ఆ లోయలోని ఉక్కు ఊళ్లలో కార్మికుల బతుకులను ఇల్లిల్లూ తిరిగి చూసిన మార్గరెట్ బయింగ్టన్ 1910లో పొరుగున ఉన్న హోమ్‌స్టెడ్ మీద పుస్తకం వేసింది. పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడికి గ్రంథాలయం ఏం చేసుకోవాలన్న అలుపు అందులో వినిపిస్తుంది. పైగా స్లొవాక్ పల్లె నుంచి వచ్చిన మనిషికి ఇంగ్లిషు అక్షరం రాదు. అతనికి ఆ భవనంలో అక్కరకొచ్చింది నేలమాళిగే. వేడి నీళ్లు.

అందుకే నాకు ఆ స్నానాల గదుల మీద అంత మమకారం. కార్మికుల వాడల్లో స్నానాల గది ఉన్న ఇల్లు అరుదు. గ్రంథాలయం గీసిన వాస్తుశిల్పి విలియం హాల్సీ వుడ్. పుస్తకానికి ముందు నీళ్లు అన్న ఆలోచన ఎవరిదైనా సరే, మనిషి ఒళ్లు ఎరిగినవాళ్ల ఆలోచన.

కెప్టెన్ జోన్స్ ఆ గ్రంథాలయపు తొలి ఏడు దాటలేదు. మే 31న ఎగువన సౌత్ ఫోర్క్ ఆనకట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయింది. 2,209 మంది పోయారు. ఆ చెరువు పిట్స్‌బర్గ్ ధనవంతుల వేసవి క్లబ్బుది. కార్నెగీ కూడా అందులో సభ్యుడు. జోన్స్ మిల్లు కార్మికులను వెంటేసుకుని వెళ్లి ఆ బురదలో శవాలు తీశాడు, బతికినవాళ్లకు అన్నం పెట్టించాడు. సెప్టెంబరులో సొంత మిల్లులోనే కొలిమి పేలి కాలిపోయాడు. రెండు రోజులకు ప్రాణం పోయింది. ఎనిమిది గంటల కోసం పైవాళ్లతో మాట్లాడగల మనిషి అలా పోయాడు.

తర్వాత 1892. నది ఆవలి ఒడ్డున, కార్నెగీదే అయిన హోమ్‌స్టెడ్ మిల్లులో కార్మికులకూ పింకర్టన్‌లకూ తుపాకుల యుద్ధం జరిగింది. రెండు వైపులా కలిపి పదిమంది దాకా చచ్చిపోయారు. కార్నెగీ అప్పుడు స్కాట్లాండ్‌లో ఉన్నాడు. మరుసటేడు బ్రాడక్ గ్రంథాలయానికి రెండో సగం కలిసింది. వెయ్యికి కాస్త తక్కువ కుర్చీలతో సంగీత మందిరం, ఈతకొలను, వ్యాయామశాల. హోమ్‌స్టెడ్‌కు 1898లో, అదే లోయలోని మరో ఉక్కు ఊరు డ్యూకేన్‌కు 1904లో గ్రంథాలయాలు వచ్చాయి. 1901లో కార్నెగీ తన కంపెనీని 48 కోట్ల డాలర్లకు మోర్గాన్ అనే బ్యాంకరుకు అమ్మేశాడు. అమ్మాక బ్రాడక్, హోమ్‌స్టెడ్, డ్యూకేన్ గ్రంథాలయాల పోషణకు పది లక్షల డాలర్ల నిధి పెట్టాడు. మూడు ఊళ్లకు మూడు దీపాలు, ఒకే నూనెకుండ.

దీపాలు వెలిగాయి. అది ఒప్పుకోకపోతే అన్యాయం. తండ్రులు నేలమాళిగ దాటి పైకి రాలేకపోయినా పిల్లలు వచ్చారు. ఇంట్లో స్లొవాక్, వీధిలో పోలిష్, గ్రంథాలయంలో ఇంగ్లిషు. అలా మూడు భాషల మధ్య పెరిగిన తరమది. బ్రాడక్‌లో 1903లో పుట్టిన థామస్ బెల్ అనే స్లొవాక్ కార్మికుల బిడ్డ 1941లో 'అవుట్ ఆఫ్ దిస్ ఫర్నేస్' అనే నవల రాశాడు. మూడు తరాల ఉక్కు కుటుంబం కథ. చివరి తరం యూనియన్ సాధించుకుంటుంది. నిజంలోనూ అప్పటికి అదే జరిగింది. సంఘం వచ్చింది, పని గంటలు తగ్గాయి, జీతం పెరిగింది. అంటే, కార్మికుడికి చదువుకునే పొద్దు దొరికింది. 1920 నాటికే ఊళ్లో ఇరవై వేల పైచిలుకు జనం. బ్రాడక్ ఎవెన్యూ పొడుగునా బట్టల కొట్లు, సినిమా హాళ్లు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పండక్కి బట్టలు కొనడానికి అక్కడికే వచ్చేవాళ్లు.

ఆ పొద్దు ఎక్కువ కాలం నిలవలేదు.

ఎలా పోయిందో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. బాంబు పడలేదు, వరద రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కొడుకు కారు కొనుక్కున్నాడు. పొగ లేనిచోట, కొండ పైన, పెరడున్న ఇల్లు కట్టుకున్నాడు. బ్యాంకులు అక్కడికి అప్పులిచ్చాయి, మిల్లు గేటు కిందున్న వీధులకు ఇవ్వలేదు. నల్లజాతి కుటుంబాలకైతే కొండపైన ఇల్లు అమ్మేవాళ్లే లేరు. కొత్త షాపింగ్ మాల్‌కు పెద్ద పార్కింగ్ ఉంది, బ్రాడక్ ఎవెన్యూకు లేదు. మిల్లులో కొత్త యంత్రాలొచ్చాయి, పదిమంది పని ఇద్దరితో అయిపోయింది. ఏటా కొన్ని ఇళ్లు ఖాళీ, కొన్ని షట్టర్లు కిందికి. మన పల్లెల్లో వలస వెళ్లిన ఇంటి గడపలో గడ్డి మొలిచినట్టు అక్కడా మొలిచింది. పన్ను కట్టే ఇల్లు తగ్గేకొద్దీ ఊరి ఖజానా తగ్గింది. పాత నిధి విలువ ధరల పెరుగుదలలో కరిగిపోయింది. రాతి భవనానికి మాత్రం ఖర్చు తగ్గదు కదా. కప్పు కారితే కారుతూనే ఉంటుంది. బాయిలర్‌కు బొగ్గు కావాలి, కొలనులోకి నీళ్లు కావాలి.

1960ల చివర్లో డ్యూకేన్ గ్రంథాలయాన్ని పడగొట్టేశారు. మూడు దీపాల్లో ఒకటి ఆరింది. 1974లో బ్రాడక్ వంతు వచ్చింది. తలుపులు మూశారు. తర్వాత కూల్చివేత మాట కూడా వచ్చింది.

దాన్ని ఆపింది ఆ గ్రంథాలయపు ఆఖరి లైబ్రేరియన్ డేవిడ్ సోలమన్. ఉద్యోగం పోయినా భవనాన్ని వదల్లేదు. ఊళ్లో మిగిలిన కొద్దిమందిని కూడగట్టాడు. బ్రాడక్స్ ఫీల్డ్ హిస్టారికల్ సొసైటీ అనే సంఘం చేతికి భవనం వచ్చేట్టు చూశాడు. 1983లో పిల్లల పుస్తకాల గది మళ్లీ తెరిచారు. అంత పెద్ద భవనంలో ఒక్క గది. చుట్టూ చీకటి గదులు, నీళ్లు లేని కొలను, రంగు పెచ్చులూడి కుర్చీల మీద రాలుతున్న సంగీత మందిరం, వాటి నడుమ దీపం వెలిగే ఒకే ఒక్క గది. ఈ కథలో దాత పేరు రాతిలో చెక్కి ఉంది. సోలమన్ లేకపోతే ఆ రాయే ఉండేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లోయ కూలిపోయింది. 1984లో డ్యూకేన్ మిల్లు, 1986లో హోమ్‌స్టెడ్ మిల్లు మూతపడ్డాయి. బ్రాడక్ మిల్లు మాత్రం మూతపడలేదు. నేటికీ ఉక్కు పోస్తోంది. ఊరు పాడయ్యేది మిల్లు పోయినప్పుడే అనుకుంటాం. ఇక్కడ మిల్లు ఉండగానే ఊరు పోయింది. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది బయటి ఊళ్ల నుంచి కార్లలో వచ్చి, షిఫ్టు దిగి కార్లలో వెళ్లిపోతారు. పొగ మాత్రం ఊళ్లోనే ఉంటుంది. 2010లో ఊరి ఆస్పత్రి మూసేశారు. 2020 జనాభా లెక్కల్లో బ్రాడక్‌లో 1,721 మంది తేలారు. నూరేళ్ల కిందట ఉన్నవాళ్లలో పన్నెండోవంతు. మన వైపు ఒక మోస్తరు పల్లెటూరంత.

ఆ కొద్దిమందీ ఒక్కొక్క గదినే తిరిగి తెరుచుకుంటూ వచ్చారు. 2012లో కేంద్ర ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా ప్రకటించింది. మరుసటేడు నుంచి అక్కడ పుస్తకాలతో పాటు బొమ్మలు కూడా అరువిస్తున్నారు. లైబ్రరీ కార్డు చూపించి చిత్రకారుడు గీసిన అసలు బొమ్మను ఇంటికి పట్టుకెళ్లి, గోడకు తగిలించుకుని, గడువు తీరాక తెచ్చి ఇవ్వచ్చు. డన్‌ఫర్మ్‌లిన్ నేతగాళ్లు చేసిన పనికి ఇది ఎంత దగ్గరో చూడండి. ఉన్నదేదో ఒకచోట చేర్చుకోవడం, వంతులవారీగా ఇంటికి తీసుకెళ్లడం.

నేలమాళిగలో స్నానాల గదులు ఎప్పుడో పోయాయి. ఆ చోట మట్టి పనివాళ్లు చేరారు. కుండలు, పింగాణీ పలకలు చేయడం నేర్పించే గది అయింది. ఒకప్పుడు కొలిమి నుంచి వచ్చినవాళ్లు మసి కడుక్కున్న చోట పిల్లలు బంకమట్టి పిసికారు. మోచేతుల దాకా మట్టి పూసుకుని, పని అయ్యాక కుళాయి కింద చేతులు పెట్టి, గోళ్ల సందుల్లో పట్టినది వదిలేదాకా రుద్దుకుని, తుడుచుకుని, పైకి మెట్లెక్కారు.